తుప్పు మరకల మన్ను

మా వైపు ఇల్లు కట్టాలంటే ముందు వచ్చేది తాపీమేస్త్రీ కాదు, నేను. నా పేరు రాబర్టా గిల్‌ఫిలన్. ఊళ్ళో అందరికీ బర్టీని. నా పాత జేసీబీని ట్రెయిలర్ మీద ఎక్కించుకుని వెళ్ళి, ఇల్లు కట్టబోయే చోట గొయ్యి తవ్వుతాను. అందులోకి దిగి మన్ను రంగు చూస్తాను. ఇంట్లో వాడిన నీళ్ళు ఆ నేలలో ఇంకుతాయో ఇంకవో కాగితం మీద రాసి సంతకం పెడతాను. ఇంకుడు గుంతకి తగిన నేల లేకపోతే ఇంటికి పర్మిట్ రాదు. అందుకే నేను వెళ్ళేసరికి అందరూ కాఫీ ఇస్తారు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం చాలామంది గుమ్మందాకా కూడా రారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. అలవాటైపోయింది గానీ ప్రతిసారీ ఒళ్ళు మండుతూనే ఉంటుంది. ఈ నేలని నేను తయారుచెయ్యలేదు కదా.

తయారుచేసింది మంచు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు ఉత్తరాన ఉన్న మా కొండల మీద ఒకప్పుడు మైలు మందాన మంచు ఉండేదట. అది పాక్కుంటూ పోతూ రాయీ రప్పా నూరి, బంకతో కలిపి, తన బరువుతో తొక్కిపెట్టి, చివరికి కరిగిపోయింది. ఇక్కడ ఏ అడవిలో తవ్వినా అడుగున్నరకో రెండడుగులకో పార ఖంగుమని ఎగిరిపడుతుంది. కింద గచ్చులాంటి పొర. అందులోకి నీరూ దిగదు, వేరూ దిగదు. వసంతంలో కరిగిన మంచునీళ్ళన్నీ ఆ గచ్చు మీద నిలబడి పైకి ఉబుకుతాయి. మా తాతలు ఈ నేల మీద రాళ్ళేరి గోడలు కట్టి, గొర్రెలు మేపి, విసిగిపోయి అడవికే వదిలేశారు. నేను మాత్రం ఇంకా దాంట్లో గోతులు తవ్వుతున్నాను.

పోయినేడు ఆగస్టులో ఎల్విన్ డెరోషే ఫోన్ చేశాడు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు గుర్రాలతో దుంగలు లాగించేవాడు. కొండవాలున ఉన్న తన అడవిలో ఆరెకరాలు మనవరాలు నోయెల్‌కి రాసిచ్చాడు. నోయెల్‌కి ఇరవై ఏడేళ్ళు, మా ఊరి స్కూలు బస్సు నడుపుతుంది. ఆమె అద్దెకుంటున్న మేడగది ఉన్న భవనం అమ్ముడుపోయింది. వచ్చే జూన్ ఆఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. మా ఊళ్ళో వేరే అద్దె ఇల్లు దొరకదు. అప్పటికి ఇక్కడ ఇంటికి పర్మిట్ రాకపోతే రెండు గంటల దూరంలో బర్లింగ్టన్ బస్సు డిపోలో పనికి ఒప్పుకోవాల్సిందే. ఆ పిల్లకి వెళ్ళాలని లేదు. ఎల్విన్‌కైతే ఆ మాటే గిట్టదు.

మా ఊళ్ళో పెద్దా చిన్నా తేడా లేకుండా అందరం పేరు పెట్టే పిలుచుకుంటాం. ఎల్విన్‌కీ నాకూ అయితే నలభై ఏళ్ళుగా మాట కలవడమే పోట్లాటతో మొదలవుతుంది.

"ఏం బర్టీ, నీ డొక్కు బండి కొండెక్కుతుందనుకోలేదు," అన్నాడు నేను దిగగానే.

"నువ్వింకా ఎక్కుతున్నావుగా. దానికేం," అన్నాను.

తవ్వాను. పైన ఎనిమిదంగుళాల నల్లటి ఆకుమన్ను. దాని కింద నుంచి బూడిదరంగు, మధ్యమధ్య నారింజరంగు తుప్పు మరకలు. అడుగున్నర దగ్గర తొట్టి పళ్ళు కిర్రుమని జారాయి. గచ్చు. ఒక్క చుక్క నీరు లేదు నిజమే. మన్ను రొట్టెముక్కలా పొడిపొడిగా రాలుతోంది.

ఎల్విన్ గోతి అంచున నిలబడి, గుప్పెడు మన్ను తీసి గాలిలోకి ఎగరేశాడు. దుమ్ము లేచింది. అతని మొహంలో ఎంత సంబరమో చెప్పలేను.

"రాసుకో," అన్నాడు. "పొడి నేల."

"ఆగస్టులో మా ఇంటెనక కుంటే ఎండిపోయింది, ఎల్విన్. నేను చూసేది ఇవాళ్టి నీరు కాదు. ఏప్రిల్ నీరు."

"ఏప్రిల్ నీరు ఆగస్టులో కనబడుతుందా నీకు? మీ స్కాట్లండ్‌వాళ్ళకి దేవుడు నవ్వు ఇవ్వలేదు గానీ మంచి కళ్ళే ఇచ్చాడే."

"కనబడుతుంది. ఈ మన్నులో ఇనుముంది. గాలి తగిలితే తుప్పు పట్టి ఎర్రబడుతుంది. నెలల తరబడి నీళ్ళలో నానితే ఆ రంగు పోయి ఇదిగో ఇలా బూడిదకి తిరుగుతుంది. ఎనిమిదంగుళాల నుంచీ ఇదే రంగు. పర్మిట్‌కి కనీసం రెండడుగులు కావాలి. నువ్వు నాతో ఎంతైనా వాదించు, మన్ను మాత్రం మాట మార్చదు."

పక్కనే గాలికి కూలిన స్ప్రూస్ చెట్టొకటి వేళ్ళతో సహా లేచి పడుంది. ఆ వేళ్ళు ఒక్కటీ కిందికి దిగలేదు. పళ్ళెంలా చదునుగా పరుచుకున్నాయి. అది చూపించాను.

"గాలికి పడింది," అన్నాడు.

"వేళ్ళు దిగడానికి చోటు లేక పడింది."

"నేను పాతిక చలికాలాలు ఈ నేల మీద దుంగలు లాగాను, బర్టీ. ఇది పొడి నేల. ఎప్పుడూ పొడే. చిత్తడి అన్నవాడెవడైనా సరే అబద్ధాలకోరు."

తాతతో పాటే వచ్చిన నోయెల్ ఆయన చెయ్యి పట్టుకుంది. వాళ్ళింట్లో తాతని పెపే అంటారు.

"పెపే, కాస్సేపు ఆగు. బర్టీ, ఇంకో చోట చూద్దామా? ఆరెకరాల్లో ఎక్కడో ఒకచోట ఉండదా?"

ఇంకో నాలుగు గోతులు తవ్వాను. నాలుగూ ఒక్కలాంటివే. పాత రాతిగోడ అవతల, ఎల్విన్ తన దగ్గరే ఉంచుకున్న పొలం కొసన చిన్న గుట్టలాంటిది కనబడింది. అటు చెయ్యి చూపించాను.

"అటొద్దు," అన్నాడు ఎల్విన్. "అక్కడేం లేదు."

ఒట్టి రాతి బోడి అయ్యుంటుందనుకుని ఊరుకున్నాను. మూడు దశాబ్దాల అనుభవం ఉండి కూడా ఆ రోజు నేను చేసిన తప్పు అది. అడిగి ఉండాల్సింది.

*

మార్చి మొదటి మంగళవారం మా ఊరి సభ. రోడ్ల సంగతీ బడి సంగతీ అందరం కూచుని చేతులెత్తి తేల్చుకుంటాం. మధ్యాహ్నం బీన్స్, రొట్టె. ఆఖర్న "ఇతర విషయాలు" అని ఒకటుంటుంది. అప్పటికి సగం మంది నిద్రలో ఉంటారు.

ఆ "ఇతర విషయాల"లో ఎల్విన్ లేచాడు.

"ఈ ఊళ్ళో ఒకావిడుంది," అన్నాడు. "పేరు చెప్పను. ఇందాక మీకు బీన్స్ వడ్డించింది ఆవిడే. ఆవిడకి పొయ్యి మీది పెనంలో కూడా నీళ్ళు కనబడతాయి. ఆవిడ కళ్ళ పుణ్యమా అని నా మనవరాలికి ఇల్లు లేకుండా పోతోంది. ఈ సంగతి మీ అందరికీ తెలియాలని చెబుతున్నాను."

నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి నవ్వారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. గరిట చేతిలో ఉండగానే లేచాను.

"సరే ఎల్విన్. ఆ గోతి పక్కన నేలలోకి చిల్లుల పైపు దింపుతాను. మంచు కరిగే రోజులన్నీ రోజూ నీళ్ళెక్కడిదాకా వచ్చాయో నువ్వే చూడు. నేను రాను. నువ్వు ఏ అంకె చెబితే అదే రాస్తాను, సంతకం పెడతాను."

అన్న తర్వాత గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. పైపులో నీరు చూసే పని ఇంకొకరికి అప్పగించొచ్చు, అది తప్పు కాదు. కానీ అసలు గొడవ పెట్టుకున్న మనిషికే అప్పగించే బుద్ధిలేనిదాన్ని నేనొక్కదాన్నే.

బయట కార్ల దగ్గర నోయెల్ నన్ను పట్టుకుంది.

"నీకేమన్నా మతిపోయిందా? పెపే అబద్ధం చెబితే?"

"చెప్పడు."

"చెబితే నాకు ఇల్లొస్తుంది, బర్టీ."

"వస్తుంది. వచ్చే వసంతానికి నీ స్నానాల గది నీళ్ళు నీ వాకిట్లోకే తిరిగొస్తాయి కూడా. ఏటా వస్తాయి."

నోయెల్ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నాకు ఏది కోరుకోవాలో కూడా తెలియట్లేదు," అంది బస్సు తాళాలు చేతిలో తిప్పుకుంటూ. నాకూ తెలియలేదు. ఆ పిల్లకి ఇల్లు కావాలని నాకు ఎంతుందో, నా సంతకం కింద అబద్ధం ఉండకూడదని కూడా అంతే ఉంది.

మర్నాడే వెళ్ళి పైపు దింపాను. మా అడవిలో మంచు దుప్పటి కింద నేల పెద్దగా గడ్డకట్టదు. గునపంతో పొడిస్తే దిగిపోయింది. ఎల్విన్ ఒక తెల్లటి ఆష్ చెట్టు కర్ర చెక్కి తెచ్చుకున్నాడు. పైపులోకి కర్ర దింపి, ఎక్కడిదాకా తడిసిందో చూసి, చాకుతో గాటు పెడతానన్నాడు. కాగితాల మీద అతనికి నమ్మకం లేదు.

ఏప్రిల్ వచ్చింది. రోడ్లన్నీ బురదయ్యాయి. రోజూ పొద్దున ఏడింటికి ఎల్విన్ ట్రక్కు మా ఇంటి ముందు నుంచి వెళ్ళేది. కిటికీలోంచి చూసేదాన్ని. మొదటి వారంలో వెళ్తూ వెళ్తూ నన్ను ఉడికించడానికి హారన్ కొట్టేవాడు. రెండో వారంలో కొట్టడం మానేశాడు. మూడో వారంలో నా కిటికీ వైపు చూడటం కూడా మానేశాడు.

"ఏం చెప్పడు," అంది నోయెల్ ఒక రోజు బస్సు ఆపి, కిటికీలోంచి. వెనక పిల్లలు గోలగోలగా ఉన్నారు. "ఆదివారం నేను చేసిన బఠాణీ సూపు ముట్టుకోలేదు. ఆ కర్ర మంచం పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు. వెళ్ళి ఒక్కసారి చూసిరాకూడదా?"

"మాటిచ్చాను."

"మీ ఇద్దరి మాటలూ పట్టింపులూ, మధ్యలో నా ఇల్లు," అని గేరు వేసి వెళ్ళిపోయింది. తప్పు పట్టలేకపోయాను.

*

ఏప్రిల్ ఆఖరి వారంలో, నేను పొద్దున్నే గుడ్లు వేయించుకుంటుంటే ఎల్విన్ తలుపు కొట్టకుండా లోపలికి వచ్చాడు. బూట్లు మోకాళ్ళదాకా బురద. కర్ర నా బల్ల మీద, పళ్ళెం పక్కన పెట్టాడు.

గాట్లు వరసగా ఉన్నాయి. మార్చిలోవి కింద, ఏప్రిల్‌వి పైకి పైకి ఎక్కుతూ పోయాయి. ఆఖరి పది గాట్లూ ఒకదాని మీద ఒకటి పడి చెక్క చితికిపోయింది. నేల మట్టానికని ఎర్రరంగు గీత ఒకటి గీసుకున్నాడు. టేపు పెట్టి కొలిచాను. ఆ గీతకీ పై గాటుకీ మధ్య ఏడంగుళాలు.

నేను ఎనిమిదన్నాను. నేల నాకంటే ఒక అంగుళం ఎక్కువే చెప్పింది. ఎనిమిది నెలలుగా ఈ క్షణం కోసం ఎదురుచూశాను, ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. కానీ ఈ ముసలాయన ఒంటరిగా వెళ్ళి, ఎవరూ చూడని చోట, తనకి గిట్టని అంకెని రోజూ నిజంగానే గాటు పెట్టుకున్నాడు.

"కూచో, గుడ్లు తిను," అన్నాను.

కూచున్నాడు. తినలేదు.

"ఫానెట్ రాయి తగిలి పడలేదు," అన్నాడు.

ఫానెట్ అతని ఆడగుర్రం. ముప్ఫై ఏడేళ్ళ కిందట పోయింది. నాకు బాగా గుర్తు. బూడిదరంగు మీద తెల్లచుక్కలు, పెద్ద తల. ఒకసారి ఊరి సంతలో నా గడ్డి టోపీ సగం నమిలేసింది. అడవిలో రాయి తగిలి కాలు విరిగిందనీ, తుపాకీతో కాల్చెయ్యక తప్పలేదనీ ఊరందరికీ తెలుసు. తర్వాత వారంలో ఎల్విన్ రెండో గుర్రాన్ని అమ్మేశాడు. మళ్ళీ గుర్రాన్ని పెంచలేదు.

"ఏప్రిల్ ఎనిమిదో తారీకు," అన్నాడు కర్ర వంకే చూస్తూ. "చలికాలమంతా దారి మీద మంచు తొక్కించి తొక్కించి గట్టిచేశాను. అలా చేస్తేనే చలి దిగి నేల బిగుస్తుంది, నీకు తెలుసు. ఆ బిగువు పోయాక ఇక ఒక్క రోజు కూడా గుర్రాన్ని దింపకూడదు. అదీ తెలుసు. ఒక్క లోడు మిగిలింది. అర్మీన్ వంటింటి గుమ్మంలో నిలబడి, దారి మెత్తబడింది, ఇవాళ వద్దంది."

అర్మీన్ అతని భార్య. పోయి ఆరేళ్ళయింది.

"ఒక్క లోడేగా అన్నాను. పొద్దున పైపైన గట్టిగానే ఉంది. పదకొండయ్యేసరికి ఎండెక్కింది. ఆ ఆరెకరాల్లోనే, మలుపు దగ్గర ఫానెట్ ఆగిపోయింది. దానికి తెలిసింది బర్టీ. నేను పగ్గం తీసి కొట్టాను. నా జన్మలో దాన్ని కొట్టింది అదొక్కసారే. కొడితే పాపం వెళ్ళింది. మోకాలిదాకా దిగిపోయింది. బురద కింద రెండు రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుంది."

నేను పొయ్యి కట్టేశాను.

"అర్మీన్‌తో రాయి తగిలిందన్నాను. నేల గట్టిగానే ఉందన్నాను. ఆవిడ పోయేదాకా అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమైపోయింది."

"అందుకే అది పొడి నేల."

"అందుకే." కర్రని వేలితో నా వైపు తోశాడు. "ఏడు వారాలు చూశాను, ప్రతి పొద్దునా నాకు అదే చెప్పింది. ఇక నా వల్ల కాదు. రాసెయ్. పిల్లకి ఇల్లు లేనట్టే."

ఎనిమిది నెలల కోపం ఎటు పోయిందో తెలియదు. అతని చెయ్యి మీద చెయ్యి వేశాను. నలభై ఏళ్ళలో మా ఇద్దరికీ అలాంటి అలవాటు లేదు, అందుకని ఇద్దరం కొంచెం ఇబ్బందిపడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"ఎక్కడ పూడ్చావు దాన్ని?"

"గోడ అవతల. గుట్ట మీద."

"మెషీను ఎవరిది తెచ్చావు?"

"మెషీనెందుకు? చేత్తోనే తవ్వాను. ఆ రోజూ మర్నాడూ. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నా తల మునిగేంత లోతు."

నేను గుడ్ల పళ్ళెం పక్కకి జరిపాను.

"ఎల్విన్, ఏప్రిల్ నెలలో, ఈ ఊళ్ళో, తల మునిగేంత గొయ్యి పారతో తవ్వావా? గచ్చు తగల్లేదా?"

"లేదు. ఇసక, గులకరాళ్ళు. మెత్తగా వచ్చింది."

"నీళ్ళు?"

వంగి తన బూట్ల వంక చూసుకున్నాడు.

"దాన్ని దింపే ముందు ఆ గోతి అడుగున కూచున్నాను," అన్నాడు మెల్లగా. "చాలాసేపు కూచున్నాను. అర్మీన్ పైనుంచి పిలుస్తోంది, ఎల్విన్ పైకి రా, చలిపట్టేస్తుందని." తలెత్తాడు. "ప్యాంటు తడవలేదు, బర్టీ."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మంచు కరిగిపోయేటప్పుడు దాని కింద పారిన ఏరు, ఇసకా గులకా కుప్ప పోసి వెళ్ళిన చోటు ఎక్కడో ఒకటుంటుంది. అలాంటి చోటు మా ఊళ్ళో నేను ఇన్నేళ్ళలో మూడే చూశాను. నాలుగోది ఈయన ముప్ఫై ఏడేళ్ళుగా గుండెల్లో దాచుకుని కూచున్నాడు.

"దానికి మాటిచ్చాను," అన్నాడు. "ఇంక నిన్నెవరూ కదిలించరని."

"కదిలించం. ఎంతమేర అని చూపించు, అంత వదిలేస్తాను. గుట్ట పెద్దదే."

ఫోర్కు తీసుకుని చల్లారిన గుడ్డొకటి తిన్నాడు.

"ముందు నోయెల్‌కి చెప్పాలి," అన్నాడు. "ఆ పిల్లకి కూడా రాయనే చెప్పాను."

*

శనివారం బస్సు లేదు. ముగ్గురం వెళ్ళాం. నోయెల్ ట్రక్కులోంచి దిగేసరికే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాత చెప్పేశాడన్నమాట. ఆమె ఆయన్ని ఒక్క మాటా అనలేదు. గోడ దాటేటప్పుడు చెయ్యి అందించింది. దాటాక కూడా వదల్లేదు.

గోడకి ఇవతల బూటు వేస్తే చప్ చప్‌మని నీళ్ళు. అవతల పదడుగులు ఎక్కేసరికి ఎండుటాకులు గలగలమన్నాయి. స్ప్రూస్‌లు ఆగిపోయి, చిత్తడి గిట్టని చక్కెర మేపుల్ చెట్లు మొదలయ్యాయి. కింద అడవి ఉల్లి పచ్చగా మొలిచి ఉంది. కళ్ళెదుటే ఉన్న గుట్టని ఆగస్టులో వదిలేసి వెళ్ళినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

ఎల్విన్ తిన్నగా ఒక చెట్టు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ రాయి లేదు, గుర్తు లేదు. అయినా ఎటూ వెతుక్కోలేదు. అక్కడి నుంచి అడుగులు వేస్తూ చుట్టూ తిరిగి, ఇంతమేర అని చూపించాడు. నేను రిబ్బన్లు కట్టాను. అక్కడికి ముప్ఫై అడుగులు అవతలకి జరిగి జేసీబీ తొట్టి దింపాను.

ఖంగుమనలేదు. సరసరా దిగింది. అడుగు, రెండడుగులు, మూడు. ఐదడుగులదాకా తవ్వి, బండి ఆపి, నిచ్చెన వేసి దిగాను. గోధుమరంగు. పైనుంచి అడుగుదాకా ఒక్కటే రంగు. మేపుల్ వేళ్ళు మోకుల్లా నిటారుగా కిందికి దిగిపోయాయి. మోకాళ్ళ మీద కూచుని చాకుతో గోడంతా గీకి చూశాను. ఒక్క బూడిద చార లేదు.

"ఏం కనబడుతోంది?" అని పైనుంచి నోయెల్.

"ఏమీ కనబడట్లేదు," అన్నాను. "ఏమీ కనబడకపోవడమే నాకు కావాలి."

"అంటే?"

"అంటే మీ తాతకి ఇక్కడ ఇంకో రెండెకరాలు నీకు రాసిమ్మని చెప్పు."

నోయెల్ అక్కడే ఆకుల మీద చతికిలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. నేను పైకి వచ్చాను. ఇంతలో ఎల్విన్ నిచ్చెన పట్టుకున్నాడు.

"దిగకు, ఎనభై రెండొస్తున్నాయి నీకు," అన్నాను.

"నిన్నడిగానా," అని ఒక్కో మెట్టూ దిగాడు. అడుగున మెల్లగా కూచున్నాడు. కాళ్ళు చాపుకుని, వీపు మట్టిగోడకి ఆనించి, అరచేతులు రెండూ నేల మీద పెట్టాడు. మాకు అతని టోపీ మాత్రమే కనబడుతోంది. రమ్మని ఎవరం పిలవలేదు. పావుగంట అయ్యాక లేచి, వెనక్కి చెయ్యి పెట్టి ప్యాంటు తడిమి చూసుకున్నాడు.

"పొడే," అన్నాడు.

నోయెల్ గోతి అంచున వంగింది. "పెపే, ఫానెట్ తల ఎటువైపుంది?"

"తూర్పుకి. పొద్దున్నే లేచే గుర్రం అది."

"అయితే నా వంటింటి కిటికీ దాని వైపు పెట్టుకుంటాను," అంది.

ఎల్విన్ నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. తర్వాత మనవరాలికి చెయ్యి అందించాడు, లాగమని.

*

పర్మిట్ కాగితం నా వంటింట్లోనే నింపాం. కొలతలన్నీ నేను రాశాను. అందులో ఒక గడి ఉంటుంది. ఈ నేలలో నీటి మట్టం ఇంతకు ముందు ఎవరైనా చూశారా, ఎప్పుడు, ఎంత లోతులో అని. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ ఖాళీగా వదిలేసే గడి అది. ఎల్విన్ కలం అడిగాడు. కాగితాల మీద నమ్మకం లేని మనిషి ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. ఏప్రిల్ ఎనిమిది, తొమ్మిది తారీకులు, ముప్ఫై ఏడేళ్ళ కిందటి సంవత్సరం. లోతు ఆరడుగులు. నీరు లేదు. కింద సంతకం పెట్టాడు. సాక్షి అన్నచోట ఇంకో పేరు రాశాడు. నేను చూసి కూడా ఊరుకున్నాను.

మే నెల రెండో వారంలో పర్మిట్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి, గొంతు చాలా మర్యాదగా ఉంది.

"మేడమ్, కాగితాలన్నీ బాగున్నాయి, సంతకం అయిపోయింది. ఒక్క చిన్న సందేహం. సాక్షి పేరు ఫానెట్ అని ఉంది. ఇంటిపేరు లేదు, ఫోన్ నంబరు లేదు. ఆవిడెవరు?"

కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద నోయెల్ పసుప్పచ్చ బస్సు వస్తోంది. ఎల్విన్ ముందు సీట్లో, పిల్లల కంటే ముందు, దర్జాగా కూచుని ఉన్నాడు. నా కిటికీ ముందుకి రాగానే చెయ్యి చాపి హారన్ గట్టిగా నొక్కాడు.

"ఆవిడ అక్కడే ఉంటోందమ్మా," అన్నాను. "ముప్ఫై ఏడేళ్ళుగా. ఒక్క ఏప్రిల్లో కూడా కాలు తడిసిందని అనలేదు."